పాత కారు హీటెక్కుతోందా? "డైరెక్ట్ ఇచ్చేద్దాం" అన్న మాటకు తలూపే ముందు

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నా 1998 మారుతి 800 ఆగి ఉంది. టెంపరేచర్ ముల్లు రోజూ నిలబడే చోటు దాటి మెల్లగా పైకి పాకుతోంది. ఏసీ ఆపేశాను. పచ్చలైటు పడి బండి కదిలాక రెండు మూడు నిమిషాల్లో ముల్లు దానంతటదే దిగింది. హమ్మయ్య అనుకునేలోపు రామవరప్పాడు రింగ్ దగ్గర ఆగాను, మళ్లీ ఎక్కింది.

దార్లో ఒక మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. "ఫ్యాన్ తిరగట్లేదండీ. థర్మో స్విచ్ పోయుంటుంది. డైరెక్ట్ ఇచ్చేద్దాం, డాష్‌బోర్డు కింద స్విచ్ పెడతా, ముల్లు లేస్తే వేసుకోండి." థర్మో స్విచ్ అంటే నీళ్ల వేడిని బట్టి ఫ్యాన్‌ను వేసి ఆపేది. డైరెక్ట్ అంటే దాన్ని తప్పించి ఫ్యాన్‌కి నేరుగా కరెంటు ఇవ్వడం. మూడొందలు తీసుకుని అరగంటలో పని ముగించాడు. ఎనిమిది నెలలు ఏ గొడవా లేదు. ఆ తర్వాత మా బావమరిది బండి తీసుకుని గుంటూరు వెళ్లాడు. ఆ స్విచ్ సంగతి అతనికి చెప్పడం నేను మర్చిపోయాను. మంగళగిరి దాటకముందే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది.

తప్పు మెకానిక్‌ది అనను. అడగాల్సింది నేను అడగలేదు. పాత బండి హీటెక్కినప్పుడు మన ముందుకు వచ్చేవన్నీ ఇలాంటి ఎంపికలే: డైరెక్ట్ ఇవ్వాలా, స్విచ్ మార్చాలా? మోటారు బాగుచేయించాలా, కొత్తది కొనాలా? థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే వాల్వు) తీసేయాలా, ఉంచాలా? రేడియేటర్ కడిగిస్తే చాలా, మార్చాలా? ప్రతిసారీ ఒకటి చవగ్గా, తొందరగా అయిపోతుంది, ఇంకోటి జేబుకు బరువు. చవకది ఎప్పుడూ తప్పని కాదు. అయితే అసలు జబ్బేమిటో తెలియకుండా మందు ఎంచుకోకూడదు.

ఆగితే ఎక్కుతోందా, పరిగెడితే ఎక్కుతోందా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పైసా ఖర్చు లేదు.

సిగ్నల్లో, ట్రాఫిక్‌లో ముల్లు ఎక్కి, రోడ్డు ఖాళీ అయ్యాక దిగుతుంటే అనుమానం ఫ్యాన్ మీద. బండి వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. ఆగినప్పుడు ఆ గాలి పోయింది, ఇక ఫ్యానే దిక్కు.

ఊళ్లో బాగానే ఉండి, హైవే మీద ఎనభై తొంభైలో పోతున్నప్పుడో, తిరుమల ఘాట్ ఎక్కుతున్నప్పుడో ముల్లు లేస్తుంటే ఫ్యాన్‌ను వదిలేయండి. అక్కడ సమస్య నీళ్లు తిరగకపోవడం. రేడియేటర్ ట్యూబులు పూడుకుపోయాయా, వాటర్ బాడీ (నీళ్లు తిప్పే పంపు) రెక్కలు తుప్పుపట్టి అరిగాయా, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోందా చూడాలి. పాత బండ్లలో ఇంకో దొంగ ఉన్నాడు: కింది హోస్ పైపు. రబ్బరు మెత్తబడితే ఇంజన్ రేజ్ చేసినప్పుడు వాటర్ బాడీ లాగే ఊపుకి లోపలికి నొక్కుకుపోతుంది. ఐడిల్‌లో చూస్తే నిక్షేపంలా ఉంటుంది. ఒకరు ఆక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు పైపు వైపు చూడాలి, అప్పుడే దొరుకుతాడు.

ఆగినా పరిగెట్టినా ఎక్కుతోందంటే నీళ్లు తక్కువున్నాయి, లేదా విషయం హెడ్ దాకా వెళ్లింది.

ముల్లు ఒక్కోసారి అబద్ధం చెబుతుందన్నది కూడా గుర్తుండాలి. నీళ్లు మొత్తం పోతే సెన్సర్ చుట్టూ తడి ఉండదు. అప్పుడు ముల్లు పడిపోయి "చల్లగా ఉంది" అంటుంది, అవతల ఇంజన్ కాలిపోతుంటుంది. బాగా ఎక్కిన ముల్లు ఉన్నట్టుండి దిగిందంటే సంతోషించకుండా బండి పక్కకు తీయండి.

ఫ్యాన్ ఎందుకు తిరగట్లేదు?

ఇది నాకు నేర్పింది ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్. చేతిలో ఒక టెస్ట్ ల్యాంపు, మీటరు పొడవున రెండు వైరు ముక్కలు. "ఏంటి బాబాయ్, మల్టీమీటరు లేదా?" అంటే, "మీటరు ఓల్టులు చూపిస్తది అబ్బాయ్, బల్బు బలం చూపిస్తది" అన్నాడు. నిజమే. తుప్పుపట్టిన కనెక్షన్‌లోంచి కూడా మీటరుకి పన్నెండు ఓల్టులు కనిపిస్తాయి, బల్బు మాత్రం మసకగా వెలుగుతుంది.

ఆయన చేసింది ఇదీ. ఇంజన్ ఆపి, ఫ్యాన్ మోటారు దగ్గరి కనెక్టర్ ఊడదీశాడు. బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా మోటారుకి ఆనించాడు. ఫ్యాన్ బుస్సుమని తిరిగింది. "మోటారు బాగుంది. నువ్వు కొత్తది కొనుంటే డబ్బులు దండగ." తర్వాత కనెక్టర్ తగిలించి, థర్మో స్విచ్‌కి వచ్చే రెండు వైర్లను కలిపి, తాళం ఆన్ చేయమన్నాడు. మళ్లీ తిరిగింది. అంటే ఫ్యూజు, వైరింగ్ అన్నీ బాగున్నాయి, స్విచ్ ఒక్కటే పోయింది. మొత్తం పది నిమిషాల పని.

థర్మో స్విచ్ వైర్లు కలిపినా తిరగకపోతే వరుసగా ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఎర్త్ చూడాలి. రిలే అనుమానంగా ఉంటే హారన్ రిలే అదే రకమైతే దాన్ని తీసి ఇక్కడ గుచ్చి చూడండి, కొత్తది కొనకుండానే తేలిపోతుంది. ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు కింద తుప్పు ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే సరి. ఈ ఒక్క పనితో బాగైన ఫ్యాన్లు నేను రెండు చూశాను.

ఎంపీఎఫ్ఐ బండ్లలో (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేవి) చాలావాటికి ఈ థర్మో స్విచ్ ఉండదు. ఇంజన్ వేడి చూసే సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఫ్యాన్ వేస్తుంది. అలాంటి బండిలో ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆ సెన్సర్ కనెక్టర్ పీకి చూడండి. చాలా బండ్లలో ఈసీయూ భయపడి ఫ్యాన్ వేసేస్తుంది. వేసిందంటే మోటారు, రిలే బాగున్నట్టే. అంబాసిడర్ సంగతి వేరు. దాని ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది. కరెంటు లెక్కలేమీ లేవు, బెల్టు వదులుందా లేదా అన్నదే చూసుకోవాలి.

ఫ్యాన్ తిరుగుతున్నా హీటెక్కే బండ్లూ ఉన్నాయి. ఒక న్యూస్‌పేపరు కాగితం తీసుకుని ముందు గ్రిల్‌కి ఆనించండి. ఫ్యాన్ తిరుగుతుంటే కాగితం గ్రిల్‌కి అతుక్కోవాలి. ముందుకు ఎగిరిపోతే మోటారు వైర్లు తారుమారయ్యాయి, ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది, ఎదురుగాలితో పోట్లాడుతోంది. మోటారు ఊడదీసి బిగించిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి. అలాగే ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడు విరిగిందని తీసి పారేస్తారు. అది లేకపోతే ఫ్యాన్ తన చుట్టు మేరకే గాలి లాగుతుంది, రేడియేటర్ మూలలు వేడిగానే మిగిలిపోతాయి.

ఒక జాగ్రత్త: కొన్ని బండ్లలో తాళం తీసినా ఫ్యాన్ దానంతటదే లేస్తుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు అటువైపు చెయ్యి పెట్టొద్దు.

డైరెక్టా, థర్మో స్విచ్చా?

డైరెక్ట్‌లో రెండు రకాలు. ఒకటి, తాళం ఆన్ చేస్తే ఫ్యాన్ ఆగకుండా తిరిగేది. రెండోది నాకు పెట్టినట్టు డాష్‌బోర్డు స్విచ్.

ఈ రెండిట్లో మొదటిదే నయమంటాను. చాలామంది దీనికి ఒప్పుకోరు. ఎప్పుడూ తిరిగితే మోటారు తొందరగా అరుగుతుంది, చలికాలం పొద్దున్నే ఇంజన్ వేడెక్కడం ఆలస్యమవుతుంది, నిజమే. కానీ అందులో మనిషి గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. మోటారు పోతే కొత్తది వస్తుంది. డాష్‌బోర్డు స్విచ్ వేయడం మర్చిపోతే పోయేది హెడ్. బండి ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడుపుతారనుకుంటే ఒట్టి మాన్యువల్ స్విచ్ అసలు వద్దు.

ఇంకో లోపం ఎవరూ చెప్పరు. ఫ్యాన్ మోటారు లాగే కరెంటు ఏడు నుంచి పది ఆంపియర్లు, తిరగడం మొదలైన క్షణంలో ఇంకా ఎక్కువ. ఆ కరెంటంతా సన్నని వైరులోంచి, పది రూపాయల స్విచ్‌లోంచి డాష్‌బోర్డు కిందకి తీసుకొస్తారు. నా బండిలో ఆ స్విచ్ వెనక ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకి తిరిగింది. పెట్టించుకోక తప్పకపోతే మధ్యలో రిలే, బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉండాలని పట్టుబట్టండి.

థర్మో స్విచ్ మార్చడం నిజానికి పెద్ద ఖర్చేం కాదు. చిన్న కార్లకి వందల్లోనే దొరుకుతుంది. కొనేటప్పుడు దాని మీద అచ్చువేసిన డిగ్రీలు చూడాలి. సాధారణంగా 92 నుంచి 98 డిగ్రీల మధ్య ఆన్ అయి, ఐదారు డిగ్రీలు తగ్గాక ఆఫ్ అయ్యేవి ఉంటాయి. షాపులో "అన్నిటికీ ఇదే సార్" అని చేతిలో పెట్టేది మీ థర్మోస్టాట్ తెరుచుకునే వేడి కంటే పైన ఉండాలి. కిందుంటే ఫ్యాన్ ఆగనే ఆగదు. కొన్ని పాత బండ్లలో రిలే లేకుండా ఫ్యాన్ కరెంటంతా ఈ స్విచ్‌లోంచే పోతుంది, కాంటాక్టులు కాలిపోయేది అందుకే. మార్చేటప్పుడే ఒక రిలే వేయిస్తే కొత్త స్విచ్ ఎక్కువకాలం ఉంటుంది.

ఇప్పుడు నా బండిలో ఉన్నది మూడో పద్ధతి. కొత్త థర్మో స్విచ్, రిలే, దాంతోపాటు పాత డాష్‌బోర్డు స్విచ్ పక్కదారిగా. మామూలుగా ఫ్యాన్ తన పని తాను చేసుకుంటుంది. థర్మో స్విచ్ దారిలో మొరాయిస్తే చేత్తో వేసుకోవచ్చు. పాత బండితో దూరాలు తిరిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

మోటారే పోతే

నేరుగా బ్యాటరీ ఇచ్చినా తిరగకపోతే, రెక్కను కర్రతో కాస్త తోస్తే తిరగడం మొదలైతే కార్బన్ బ్రష్‌లు అరిగాయి. బ్రష్‌లు మార్చే వాళ్లు ఆటోనగర్ లాంటి చోట్ల ఇంకా ఉన్నారు. బ్రష్‌లు రాసుకునే రాగి భాగం, కమ్యుటేటర్, బాగుంటే ఆ పని చేయించడం లాభమే. బేరింగో బుష్షో పోయి గరగరమంటుంటే, కాయిల్ కాలిన వాసన వస్తుంటే కొత్తదే కొనండి. రీవైండింగ్ చేసిన ఫ్యాన్ మోటారు మీద నాకు నమ్మకం లేదు, ఆ వేడిలో నిలవడం కష్టం. పాతసామాన్ల షాపులో బండి నుంచి విప్పిన కంపెనీ మోటారు దొరికితే, కళ్ల ముందు బ్యాటరీకి పెట్టి ఐదు నిమిషాలు తిప్పి చూపిస్తే, మార్కెట్లో దొరికే పేరులేని కొత్తదాని కంటే దానికే నా ఓటు.

థర్మోస్టాట్: తీసేయమంటారు

"మన ఎండలకు అది అక్కర్లేదు సార్" అని తీసి చేతిలో పెడతారు. మన దగ్గర ఎంత పాతుకుపోయిన అలవాటంటే, సెకండ్‌హ్యాండ్ బండి కొంటే అందులో థర్మోస్టాట్ ఉందో లేదో చూసుకోవాల్సిందే.

తీసేస్తే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ముఖ్యంగా హైవే మీద. ఎంపీఎఫ్ఐ బండి అయితే ఈసీయూ ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజన్లలో అసలుకే మోసం. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని అడుగు భాగం బైపాస్ దారిని మూసేలా ఉంటుంది. అది లేకపోతే వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కి వెళ్లకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరుగుతుంది. చల్లబడాలని తీసేస్తే ఇంకా హీటెక్కుతుందన్నమాట.

పరీక్ష వంటింట్లోనే అయిపోతుంది. పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీసి స్టౌ వెలిగించండి. దాని మీద 82 అనో 88 అనో ఉంటుంది, ఆ వేడికి ఇత్తడి పళ్లెం మెల్లగా లేవడం మొదలవుతుంది. థర్మామీటరు లేకపోయినా పర్లేదు, నీళ్లు సలసల మరిగేలోపు బాగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే, సగంలో ఆగితే కొత్తది వేయించండి, ఇది కూడా వందల్లో పనే. బిగించేటప్పుడు దాని మీదుండే చిన్న రంధ్రం పైవైపు ఉండాలి, గాలి బయటికి పోయేది అక్కడినుంచే.

రోడ్డు మీద ఇరుక్కుపోయి, థర్మోస్టాట్ మూసుకుపోయిందని తేలితే అప్పుడు తీసేసి ఇంటికి రండి. తప్పు లేదు. మర్నాడే కొత్తది వేయించాలి, అంతే.

రేడియేటర్: కడిగిద్దామా, మారుద్దామా?

ముందు బయటివైపు చూడండి. ఏసీ ఉన్న బండిలో కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందులో దుమ్ము, పురుగులు, ఎండుటాకులు చేరి దుప్పటిలా పేరుకుంటాయి. పైనుంచి చూస్తే రెండూ శుభ్రంగానే కనిపిస్తాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకి, మెల్లని ధారతో కడిగించాలి. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ గన్‌తో కొడితే ఫిన్స్ (సన్నని రేకులు) వంగిపోతాయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

లోపల పూడిక ఉంటే ఎంపిక రేడియేటర్ రకాన్ని బట్టి ఉంటుంది. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే మీరు అదృష్టవంతులు. పైట్యాంకు ఊడదీసి, ట్యూబుల్లో సన్నని కమ్మీలు దూర్చి పూడిక తీసి, మళ్లీ టంకం వేసే పాత షాపులు ఇంకా ఉన్నాయి. చేయించండి, ఏళ్లు నడుస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కోర్ ఉన్నదైతే నా సలహా మార్చేయమనే. ఆ ప్లాస్టిక్ పదేళ్ల వేడికి గోధుమరంగుకి తిరిగి పెళుసెక్కుతుంది, విప్పి బిగిస్తే అంచున పగులుతుంది. లీకైన చోట పూసే మైనాల మీద ఘాట్ రోడ్డు నమ్మకం పెట్టుకోకండి. లారీ డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు పోసి లీకు ఆపుతారు. ఊరు చేరడానికి అది పనికొస్తుంది. ఆ పసుపు ఆగేది లీకు దగ్గరే కాదు, సన్నని ట్యూబులన్నిట్లోనూ.

మూత, నీళ్లు, కూలెంట్

హీటెక్కే బండికి మొట్టమొదట మార్చాల్సింది రేడియేటర్ మూత. అన్నిటికంటే చవకైనది, ఎవరూ పట్టించుకోనిది. మూత మీద 0.9 అని ఉంటే ఆ ఒత్తిడిలో నీళ్లు మరిగేది వందకి కాదు, సుమారు 118 డిగ్రీలకి. రబ్బరు చీలిపోయి ఒత్తిడి నిలవకపోతే ఆ పద్దెనిమిది డిగ్రీలూ పోయినట్టే. రిజర్వ్ డబ్బా నిండి పొర్లుతూ, ఇంజన్ చల్లారాక కూడా ఆ నీళ్లు రేడియేటర్‌లోకి వెనక్కి రాకపోతే ముందు మూతనే అనుమానించండి. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. గుడ్డ వేసి తిప్పినా కాలుతుంది.

కూలెంట్ పోస్తే హీటెక్కదని షాపుల్లో అంటారు. ఆ మాటలో సగమే నిజం. వేడిని మోసే శక్తి ఒట్టి నీళ్లకే ఎక్కువ. కూలెంట్ చేసేది తుప్పు పట్టకుండా ఆపడం, వాటర్ బాడీ సీలును కాపాడటం, నీళ్లు మరిగే వేడిని ఇంకాస్త పెంచడం. పాడైన ఫ్యాన్‌ని అది బాగుచేయదు. అలాగని బోరు నీళ్లు పోయకండి. కుండ అడుగున తెల్లగా కట్టే సున్నమే ట్యూబుల్లోనూ కడుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయడం మంచిది. చిన్న కారు మొత్తానికి పట్టేది మూడు నాలుగు లీటర్లే. పచ్చరంగుదీ ఎర్రరంగుదీ కలపకండి. రంగును చూసి రకాన్ని నమ్మడానికి లేదు గానీ, రెండు రకాలు కలిస్తే జిగురుకట్టే ప్రమాదం ఉంది. తీసిన కూలెంట్ వీధిలో పారబోయొద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చనిపోతాయి.

హెడ్ దాకా వెళ్తే

చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పైహోస్ రాయిలా గట్టిపడటం, మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా రావడం, సైలెన్సర్ నుంచి తెల్లపొగ, ఆయిల్ మూత కింద మీగడలాంటి తెట్టు. వీటిలో రెండు కలిసి కనిపిస్తే గ్యాస్కెట్ పోయినట్టే. మీగడ ఒక్కటే కనిపిస్తే హడలిపోకండి. రోజూ రెండు కిలోమీటర్లే నడిచే బండిలో అది చెమ్మ వల్ల కూడా వస్తుంది.

ఇక్కడ ఎంపిక గ్యాస్కెట్ ఒక్కటే మార్చడమా, హెడ్‌ని లేత్ షాపుకి పంపడమా అన్నది. ఈ చిన్న బండ్ల హెడ్ అల్యూమినియంది, ఒకసారి బాగా కాలితే వంగుతుంది. స్కేలు పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకులు) చూసి, వంపు 0.05 మిల్లీమీటర్ దాటిందంటే ఫేసింగ్ (అడుగు భాగం చదును చేయడం) చేయించాల్సిందే. గ్యాస్కెట్ ఒక్కటీ మార్చి బిగిస్తే మూణ్ణెల్లకి మళ్లీ మొదటికొస్తుంది. ఫేసింగ్‌తోపాటు క్రాక్ టెస్ట్ కూడా అడగండి. పగులున్న హెడ్‌కి ఫేసింగ్ చేయించడం డబ్బు నీళ్లలో పోయడమే.

పదిహేనేళ్లు దాటి, ఆర్‌సీ రెన్యువల్ దగ్గరపడిన బండికి ఇంత పెట్టాలా అంటే, బాడీ తుప్పు పట్టకుండా ఉంటే పెట్టొచ్చు. కింద ఛానెళ్లు తినేసి ఉంటే వద్దు. నా బండికి పెట్టాను. లేత్ షాపులో రెండు రోజులు, గ్యారేజీలో మూడు రోజులు, మొత్తం ఎనిమిది వేల ఐదొందలు. అప్పట్లో థర్మో స్విచ్ ధర నాలుగొందల యాభై. బావమరిది ఇప్పటికీ బండి తాళం తీసుకునేటప్పుడు, "ఇంకేం స్విచ్‌లున్నాయో చెప్పు బావా" అంటాడు.